ఓబులేసు నిలబడినకాడ ఎడమకి

గుండ్లదుర్గం పల్లె కాదు, నగరం. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది. ఆ ఊరిని ఎవరైనా నోరుజారి పల్లె అన్నారో, అక్కడి కోడిపెట్ట కూడా మొహం తిప్పుకుంటుంది. పూర్వం మనుషుల్లో రాజులుండే కాలంలో, కొండమీద గుండ్ల మధ్య ఎక్కడ కాస్త చోటు దొరికితే అక్కడ ఇల్లు కట్టారు, ఇళ్ళు కట్టగా మిగిలినదాన్ని సందు అన్నారు. తర్వాత రాజులు పోయారు, మనుషులూ పోయారు, ఊరు జంతువుల పాలయింది. మనుషులకంటే అవే బాగా చూసుకున్నాయి. వాకిళ్ళు ఊడ్చుకున్నాయి, బావిలో పూడిక తీసుకున్నాయి, పడిపోయిన గోడల్ని నిలబెట్టుకున్నాయి.

ఇక ఆ సందులున్నాయే, వాటి తిక్క వాటిది. ఒకటి చుట్టూ తిప్పి మళ్ళీ మొదలైన చోటికే తెచ్చి వదిలేస్తుంది. ఇంకొకటి బండ కిందికి దూరి ఎవరి పెరట్లోనో తేలుతుంది. బయటివాళ్ళు దారి అడక్కుండా కొంచెం దూరం కూడా పోలేరు. అడిగితే మాత్రం చెప్పేవాళ్ళకు కొదవ లేదు. మూడు సందులు కలిసేచోట గాడిద ఓబులేసు నిలబడి ఉంటాడు. ఎందుకు నిలబడతాడంటే, వాళ్ళ నాన్న అక్కడే నిలబడేవాడు కాబట్టి. కాస్త పైకి పోతే ముసలి మేక మంగతాయి అరుగుమీద కూర్చుని నెమరేస్తూ, వచ్చేపోయేవాళ్ళ మంచిచెడ్డలు విచారిస్తూ ఉంటుంది. ఇంకా పైన బర్రె ఎర్రక్క కొట్టం. ముందు గేటులో దూరి వెనక గేటులోంచి బయటపడితే ఎదురుగా బురుజు. బురుజెక్కి చూస్తే కింద లోయ, లోయలో మెలికలు తిరిగే ఏరు. ఎంత వాగుడుకాయ అయినా అక్కడ కాసేపు నోరు మూసుకోవాల్సిందే.

ఆ బురుజు చూడటానికి ఎక్కడెక్కడి జంతువులో వచ్చేవి. ఓబులేసుని దారి అడిగి, మంగతాయి అరుగుమీద కాసేపు కూలబడి, ఎర్రక్క ఇచ్చిన మజ్జిగ తాగి, పైకెక్కి చూసి, తృప్తిగా దిగిపోయేవి. మొదట్లో ఒకరూ ఇద్దరూ వచ్చేవారు. రానురాను గుంపులు మొదలయ్యాయి. బావిలో నీళ్ళు సాయంత్రానికల్లా అడుగంటుతున్నాయి. సందుల్లో తోపులాటలు జరుగుతున్నాయి. పిచ్చుకల గూళ్ళలోకి తొంగిచూసే మర్యాద తెలియనివాళ్ళూ వస్తున్నారు. ఈ కబురు ఆ సీమనేలే ఏనుగు దొర దాకా పోయింది. దొర సంతోషించి, "మంచి ఊరికి మంచి ఏర్పాట్లు చేయండి. పనులు పూర్తయ్యాక నేనే వచ్చి ప్రారంభిస్తాను" అని నక్క చేతికి పని అప్పగించాడు.

నక్క పేరు వినయభూషణం. పేరు పెట్టిన తల్లిదండ్రులు ఏం ఆశించారో తెలియదు గానీ, ఆయన వినయమంతా మాటల్లోనే ఉండేది. ఎదురుగా ఉన్న కొండమీద గొడుగు కింద కూర్చుని, అక్కడినుంచే గుండ్లదుర్గాన్ని తనివితీరా చూసి పథకం తయారుచేశాడు. సందుల్లోకి కాలు పెట్టలేదు. పేడ అంటుతుందని భయం.

పథకం పూర్తయ్యాక జంతువులన్నిటినీ కొండ అంచున ఉన్న బావి చప్టా దగ్గరికి పిలిపించాడు.

"ప్రియమైన నివాసులారా! మన నగరం మహా పర్యాటక కేంద్రం కాబోతోంది. ఇది మనందరి పండగ. అందుకు మీ అందరి సహకారం కావాలి."

"సహకారానికేమప్పా, ఉండాది," అన్నాడు ఓబులేసు. "ఏం చేయల్లో చెప్పు."

"ఖాళీ చేయాలి."

"బావినా? పోయిన నెలే కదా పూడిక తీస్తిమి."

"బావిని కాదు. ఇళ్ళు."

నక్క గొంతు ఇంకొంచెం మెత్తబడింది. "అపార్థం చేసుకోకండి. అంతంత దూరాలనుంచి వచ్చేవారు చూసేది కోటని, బురుజుని, పురాతనమైన గోడల్ని. మధ్యలో పేడకుప్పలూ, పెంటికలూ, అరుగులెక్కి ఎవరో నోరాడిస్తూ కూర్చోవడమూ ఇవన్నీ దృశ్యాన్ని పాడుచేస్తాయి."

"నోరాడించేది నన్నేనా నాయనా?" అంది మంగతాయి.

"ఉదాహరణకి అన్నానమ్మా."

ఎర్రక్క ముందుకొచ్చింది. ఆమె నడిస్తే చప్టా కొంచెం అదురుతుంది. "చూడు సామీ. వచ్చేటోళ్ళు ఎక్కువైనారనేది నిజమే. దానికి మేమూ ఒక ఆలోచన చేసినాం. బావి ఎంతమందికి నీళ్ళియ్యగలదో అంతమందినే పైకి పంపిద్దాం. మిగిలినోళ్ళు కింద నీడపట్టున కూర్చుంటారు, ముందుపోయినోళ్ళు దిగినాంక వాళ్ళు ఎక్కుతారు. గుంపుకొకరు మాలోనే తోడు పోతాం. గూళ్ళకాడ గలాటా చేయకుండా చూసుకుంటాం. రాత్రికి నిలిచేటోళ్ళకి మా ఇండ్లలోనే చోటిస్తాం. ఇవి మేం చేయగలిగిన పనులే కదా?"

"అమూల్యమైన సలహా," అన్నాడు వినయభూషణం. "తప్పకుండా పరిశీలిస్తాం."

పరిశీలిస్తాం అంటే ఏమిటో తెలియని జంతువు ఆ చప్టామీద ఒక్కటీ లేదు. అయినా దొర ఆజ్ఞ అని నక్క గొంతు పెంచి చెప్పాడు. కొండ కింద కొత్త కాలనీ కట్టించానన్నాడు, రేకుల కప్పులతో అన్నీ ఒకే వరసలో ఉంటాయన్నాడు. ప్రారంభోత్సవం అయ్యేదాకా అక్కడ సర్దుకుంటే చాలన్నాడు.

కొండ దిగుతూ తన చిలుకతో అన్నమాట మాత్రం వేరు. చిలుక ఆయన దగ్గర రాతకోతల పని చేసేది.

"ప్రారంభోత్సవం అయ్యాక వాళ్ళు పైకి వచ్చేస్తారా అండీ?" అని అడిగింది చిలుక.

"వచ్చి ఎక్కడుంటారు? కొట్టం పడగొట్టి విడిదిగృహం కడతాం. మేక అరుగుమీద రాతి సింహాన్ని కూర్చోబెడతాం. ఆ సంగతి ఇప్పుడే చెప్పి ఏడిపించడం ఎందుకు? నువ్వు ముందు దారి బోర్డులు రాయించు. బంగారురంగు అక్షరాలు పెట్టించు. కోటవాకిలినుంచి బురుజుదాకా, ఎవరినీ అడగాల్సిన పని లేకుండా ఉండాలి."

"దారి నాకు తెలియదండీ."

"నాకు మాత్రం తెలుసా? అక్కడివాళ్ళని అడుగు. చెప్పింది చెప్పినట్టు రాయి."

చిలుకకు అంతకంటే తేలికైన పని ఇంకేముంటుంది! పుట్టినప్పటినుంచీ అది చేస్తున్నది అదే. ఎగిరి నేరుగా మంగతాయి అరుగుమీద వాలింది. మంగతాయి సామాన్లు మూట కట్టుకుంటోంది. మనసు బాగాలేదు. అయినా దారి అడిగినవాళ్ళకు చెప్పకుండా ఉండటం ఆ ఊళ్ళో ఎవరికీ చేతకాదు.

"బురుజుకా తల్లీ? ఏముంది, కోటవాకిలి దాటినాంక నేరుగా పో. ఓబులేసు నిలబడినకాడ ఎడమకి తిరుగు. ఇంకొంచెం పోతే నేను అరుగుమీద నెమరేస్తా కనబడతా. కనబడకపోతే లోపల పండుకొనుంటా, ఒక కేకెయ్యి. నన్ను దాటినాంక ఎర్రక్క పేడ వాసనొస్తాది. వాసనొచ్చిన సందులో దూరితే కొట్టం. కొట్టంలోంచి అవతలికి పోతే బురుజే. మధ్యలో కుక్క అడ్డం పండుకొనుంటే దాటి పో, లేపొద్దు, పాపం ముసలిది."

"అర్థమైందవ్వా," అంది చిలుక. ఒక్క అక్షరం పోకుండా అప్పచెప్పింది కూడా.

బోర్డులు తయారయ్యాయి. ఎర్రని పలకలమీద బంగారురంగు అక్షరాలు మెరిసిపోతున్నాయి. వినయభూషణం అక్షరాల మెరుపు చూశాడు, అంచుల్లో వేసిన లతలు చూశాడు, బ్రహ్మాండం అన్నాడు. ఏం రాసుందో చదవలేదు. గోడలు పూసే పనివాళ్ళతో మాత్రం, "కంటికి అందంగా లేనిది ఏది కనబడినా పూసేయండి" అని చెప్పాడు. వాళ్ళు అక్షరాలా అలాగే చేశారు. ఎర్రక్క కొట్టం ముందుగేటు ముళ్ళకంపతోనూ విరిగిన బండిచక్రంతోనూ కట్టినది. దాన్ని సున్నంతో నున్నగా పూసి పైన తామరపూలు గీశారు. సందులన్నీ కడిగి పన్నీరు చల్లారు. పేడ వాసన ఎగిరిపోయింది.

జంతువులు దిగిపోయాయి. మంగతాయి చివరిసారి అరుగుని నాకింది. ఆ రాయికి తన చెమట ఉప్పు ఎంత ఉందో, వాళ్ళమ్మ చెమట ఉప్పూ అంతే ఉంది. కన్నీళ్ళు ఆగలేదు. కాలనీ చూశాక ఓబులేసుకి అసలు ఏడుపు ముంచుకొచ్చింది. అన్నీ ఒకేలాంటి ఇళ్ళు, ఒకేలాంటి మలుపులు. కాసేపు ఇక్కడ నిలబడి చూశాడు, కాసేపు అక్కడ నిలబడి చూశాడు. "యాడ నిలబడల్లో తెల్డంలేదక్కా" అని ఎర్రక్క దగ్గర వాపోయాడు. ఎర్రక్క ఏం చెప్తుంది? ఆమె పాలు కూడా తగ్గిపోయాయి.

ప్రారంభోత్సవం రోజు రానే వచ్చింది. ఏనుగు దొర కోటవాకిట్లో దిగాడు. వెంట ఇతర సీమలనుంచి వచ్చిన అతిథులున్నారు. ఒక ఎలుగుబంటి, రెండు ఒంటెలు, కొంగల బారు. వినయభూషణం పట్టు ఉత్తరీయం సర్దుకుంటూ ముందు నడిచాడు.

"దారి చూపడానికి ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు దొర.

"ఆ అవసరమే లేకుండా చేశాను మహాప్రభూ. అంతా రాసే ఉంది. తమరు చదువుకుంటూ నడవడమే."

దొర మొదటి బోర్డు దగ్గర ఆగి పైకే చదివాడు. "ఓబులేసు నిలబడినకాడ ఎడమకి తిరుగు. ఎవరయ్యా ఈ ఓబులేసు?"

నక్క గుండె ఒక్కసారి లయ తప్పింది. కానీ నోరు తప్పలేదు. "ప్రాచీన స్తంభం ప్రభూ. దాని పేరు ఓబులేసు."

"నిలబడిన స్తంభం. బాగుంది." మొదట కనబడిన రాతిస్తంభం దగ్గర దొర ఎడమకి తిరిగాడు. తిరగాల్సింది దాని తర్వాత వచ్చే మూడు సందుల కూడలిలో. అక్కడితో దారి తప్పడం మొదలైంది. అయితే ఆ ఊరి సందుల గుణం తెలిసిందే కదా, తప్పినవాళ్ళని కూడా అవి తిప్పితిప్పి మళ్ళీ ఎక్కడో ఒకచోట అసలు దారిలోనే పడేస్తాయి. చెమటలు కక్కుతూ అందరూ రెండో బోర్డు దగ్గరికి చేరారు.

"ఇంకొంచెం పోతే నేను అరుగుమీద నెమరేస్తా కనబడతా." దొర కళ్ళు చికిలించాడు. "నేను అంటే ఎవరు?"

"మంగతాయి," అంది చిలుక. చెప్పింది చెప్పినట్టు చెప్పడం దానికి అలవాటు.

"మంగతాయి ఎవరు?"

"ఒక మహారాణి ప్రభూ," అన్నాడు నక్క చటుక్కున. "ఈ కోటనేలిన తల్లి."

"మహారాణి నెమరేసేదా?"

"తాంబూలం ప్రభూ. ఎప్పుడూ తాంబూలం నములుతూ ఉండేవారట."

"కనబడకపోతే లోపల పండుకొనుంటా, ఒక కేకెయ్యి అని కూడా రాశారే?"

"అంత నిరాడంబరమైన రాణి ప్రభూ. ప్రజలు కేకేస్తే పలికేవారు."

దొరకు ముచ్చటేసింది. తొండమెత్తి ఒక కేక వేశాడు. ఖాళీ ఇళ్ళలోంచి ఆయన కేకే తిరిగొచ్చింది. ఎలుగుబంటి ఒంటె చెవిలో, "ఈ ఊళ్ళో ఎవరూ లేరేమిటి? నీళ్ళు అడుగుదామన్నా ఒక్క ప్రాణి కనబడదే!" అని గొణిగింది. దొరకు ఆ మాట వినబడింది. నక్క వైపు ఒక చూపు చూశాడు.

మూడో బోర్డు దగ్గర మాత్రం నక్కకి ఏ రాణీ అందలేదు. "ఎర్రక్క పేడ వాసనొస్తాది. వాసనొచ్చిన సందులో దూరితే కొట్టం" అని బంగారురంగు అక్షరాల్లో తళతళలాడుతోంది. దొర తొండం పైకెత్తి నలుదిక్కులా వాసన చూశాడు. అన్ని సందుల్లోనూ పన్నీరే. "ఏ సందయ్యా?" అన్నాడు. "ఇదే ప్రభూ" అని నక్క తోచిన సందు చూపించాడు. అదృష్టమో దురదృష్టమో, అది సరైన సందే. అయితే చివర ఉండాల్సిన గేటు మాత్రం లేదు. తామరపూల గోడ ఉంది.

సందు సన్నగా ఉంది, దొర సన్నగా లేడు. ముందు గోడ, రెండు పక్కలా బండలు. తిరగడానికి చోటు లేదు. వెనక్కి అడుగేద్దామంటే ఒంటెలు, వాటి వెనక ఎలుగుబంటి, వాటన్నిటి కాళ్ళ మధ్య కొంగలు. దొర కొంచెం కదిలితే చాలు, కొంగలు లబోదిబోమంటున్నాయి. మధ్యాహ్నపు ఎండ నెత్తిమీదికి వచ్చింది. చివరికి దొర భూమి అదిరేలా ఘీంకరించాడు.

"రక్షించండి! ఎవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో?"

చిలుక ఇక నక్క సెలవు కోసం చూడలేదు. రివ్వున ఎగిరి కొండ కింది కాలనీలో వాలి, దొర గొంతుతోనే అరిచింది. "రక్షించండి! ఎవరైనా ఉన్నారా ఈ ఊళ్ళో?"

జరిగిందంతా చిలుక చెప్పేసరికి కాలనీ అంతా గొల్లున నవ్వింది. ముఖ్యంగా తాంబూలం దగ్గర మంగతాయి గడ్డం ఊగిపోయింది. నవ్వు తగ్గాక చిలుక విడిదిగృహం, రాతి సింహం సంగతీ అప్పచెప్పింది. ఓబులేసు చెవులు నిక్కబొడుచుకున్నాడు.

"ఉన్నారా అంటే, లేము. ఖాళీ చేయమన్నది వాళ్ళే కదా? అరవనీ."

"అంతకంటే తెలివైన పని ఒకటుండాది," అంది కోడిపెట్ట. "పోయి ఎదురుగా నిలబడదాం. మా ఇండ్లు మాకిస్తామని మాటిస్తేనే బయటికి తీస్తామందాం. ఇంతకన్నా మంచి సమయం మళ్ళీ దొరుకుతాదా?"

చాలామంది తలలూపారు. వాళ్ళ తప్పు లేదు. రేకుల కింద ఉడికిపోతున్నారు, పిల్లలకు కునుకు పట్టడం లేదు. ఇల్లు పోయినవాడికి ఏ అవకాశమైనా అవకాశమే. మంగతాయి మాత్రం లేచి నిలబడింది. ఆమె గొంతులో అంత కోపం వాళ్ళెప్పుడూ వినలేదు.

"చాలు. ఇరుక్కున్నోనితో బేరమాడేటోళ్ళమా మనం? గుండ్లదుర్గానికొచ్చి దారి తెలీక ఒకడు నిలబడితే, వాడు దొర కానీ దొంగ కానీ, ముందు దారి చూపించల్ల. మా అమ్మ అదే చేసె, వాళ్ళమ్మ అదే చేసె. ఇండ్లు పోయినాయి సరే. ఇది కూడా పోగొట్టుకొని ఇంకేం మొగం పెట్టుకొని పైకి పోతాం? లెయ్యండి. ఎర్రక్కా, మజ్జిగ ఉండాదా?"

"ఉండేదేదో ఉంది. పా," అంది ఎర్రక్క.

కోడిపెట్ట తల దించుకుని అందరికంటే ముందు బయల్దేరింది.

కొండెక్కడానికి వాళ్ళకు బోర్డులు అక్కర్లేదు, కళ్ళు కూడా అక్కర్లేదు. కొందరు సందు మొదట్లో నిలబడి కొంగల్ని ఒక్కొక్కటిగా ధైర్యం చెప్పి బయటికి తీశారు. ఎర్రక్క బురుజు వైపునుంచి చుట్టి తన కొట్టంలోకి వెనక గేటునుంచి దూరింది. లోపల చీకట్లో ముందుగేటు వెనక నిలబడి కేకేసింది.

"ఎవరప్పా గోడ అవతల? దొరేనా? కొంచెం మొగం పక్కకి తిప్పుకోండి, సున్నం కండ్లలో పడుతుంది!"

ఎర్రక్క తలతో ఒక్క తోపు తోసింది. తామరపూలన్నీ పెచ్చులు పెచ్చులుగా రాలాయి. బండిచక్రం, ముళ్ళకంప బయటపడ్డాయి. గేటు కిర్రుమంటూ తెరుచుకుంది. అవతల విశాలమైన కొట్టం, చల్లటి నీడ, తెరిచిన వెనక గేటులోంచి బురుజు కనిపిస్తోంది. దొర లోపలికి అడుగుపెట్టి ఉన్నచోటనే చతికిలబడ్డాడు. ఎర్రక్క మజ్జిగ కుండ ముందు పెట్టింది. దొర తొండం ముంచి తాగాడు. ఒంటెలకు నీళ్ళిచ్చారు, ఎలుగుబంటికి విసనకర్రతో విసిరారు.

కడుపు చల్లబడ్డాక దొర చుట్టూ చూశాడు. "మీరెవరు?"

"ఈడోళ్ళమే దొరా," అంది మంగతాయి. "నేను మంగతాయిని."

దొర ఆమెని కిందినుంచి పైదాకా చూశాడు. దవడ ఆడుతూనే ఉంది. "మహారాణి!" అన్నాడు. ఆయన పొట్ట అదిరేలా నవ్వుతుంటే గోడమీది సున్నం ఇంకొంచెం రాలింది. నవ్వు ఆగాక నక్క వైపు తిరిగాడు. "నేను ఊరిని చూపించే ఏర్పాట్లు చేయమన్నాను వినయభూషణం. ఊరిని ఖాళీ చేయమన్నానా?"

వినయభూషణం ఉత్తరీయం అంచు నలుపుతూ, "బోర్డుల్లో పొరపాటు జరిగింది ప్రభూ. చిలుక తప్పు. అన్నీ పీకించి కొత్తవి రాయిస్తాను" అన్నాడు.

"బోర్డులు తప్పా?" అని దొర మంగతాయిని అడిగాడు.

"బోర్డుల్లో ఒక్క తప్పు లేదు దొరా. నేను చెప్పింది చెప్పినట్టే రాసినారు. అవన్నీ నిజమే. వాటిని ఉండనీండి. మమ్మల్ని కూడా ఉండనీండి."

దొర తొండం కిందికి జారింది. కొట్టం గేటు వైపు చూస్తూ అడిగాడు. "నేను గోడల మధ్య ఇరుక్కున్నప్పుడే ఈ మాట అడిగి ఉంటే వెంటనే ఒప్పుకునేవాణ్ణి కదా. ఎందుకు అడగలేదు?"

"అప్పుడు మీరు దారి తప్పినోళ్ళు. ఇప్పుడు దొర. అడగాల్సింది దొరని కదా."

దొర లేచి నిలబడ్డాడు. ఆ కొట్టంలోనే, ఆ పేడ వాసనలోనే తీర్పు చెప్పాడు. జంతువులన్నీ ఆ సాయంత్రమే ఇళ్ళకు రావాలి. చిలుక చెప్పిన ఆ విడిదిగృహం లేదు, రాతి సింహం లేదు. ఎంతమంది పైకి పోవాలో, ఎవరు తోడు పోవాలో, ఎవరింట్లో ఎవరు దిగాలో ఊళ్ళోవాళ్ళే కూర్చుని తేల్చుకుంటారు. ఏ కట్టడమైనా ఏ కూల్చడమైనా వాళ్ళతో మాట్లాడకుండా జరగదు. ఎర్రక్క చప్టామీద చెప్పిన ఆలోచన ఇదే కదా అని మీరనవచ్చు. ఇదే. పరిశీలించడానికి ఒక ఏనుగు ఇరుక్కోవాల్సి వచ్చింది.

తర్వాత దొర బురుజెక్కాడు. ఓబులేసు ముందు నడిచాడు, మంగతాయి పక్కన నడిచింది. ఏ రాయి ఎప్పుడు పడిందో, ఏ గూటిలో ఏ పిచ్చుక ఉంటుందో చెప్తూనే ఉంది. కింద ఏరు మెరుస్తోంది. ఎలుగుబంటి ఏదో అనబోయి మాట మరిచిపోయింది. "చాలా దేశాలు తిరిగాను గానీ ఇలాంటి నగరం చూడలేదు" అన్నాడు దొర. నగరం అన్నాడు! కోడిపెట్ట మెడ నిటారుగా నిలబడింది. ఆ మాటకి గుండ్లదుర్గంలో గర్వంతో పొంగని గుండె లేదు. పొంగితే తప్పేముంది? వాళ్ళ ఊరు, వాళ్ళు నిలబెట్టుకున్న ఊరు.

"ఇక నీతో పని లేదు, వెళ్ళొచ్చు," అన్నాడు దొర వినయభూషణంతో.

నక్క ఎవరి మొహమూ చూడకుండా దిగిపోయాడు. దిగే దారి ఎవరినీ అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు. చిలుక కూడా వెంట రాలేదు, అది అప్పటికే మంగతాయి అరుగుమీద కబుర్లలో పడిపోయింది. ఒక సందు ఆయన్ని తిప్పి బావి దగ్గర వదిలింది. ఇంకొకటి ఎవరి పెరట్లోనో వదిలింది, అక్కడ ముసలి కుక్క ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకుంది. తిరిగి తిరిగి కాళ్ళు పీకుతుండగా తను పెట్టించిన మొదటి బోర్డే ఎదురైంది. దానికి కాస్త అవతల, మూడు సందుల కూడలిలో ఒక గాడిద నిలబడి ఉన్నాడు. నక్క ఆ పక్కనుంచి అప్పటికే చాలాసార్లు పోయాడు. ఆ గాడిదను బావి చప్టామీద చూశాడు, కొట్టంలో చూశాడు, బురుజుమీద చూశాడు. ఏ గాడిదైనా ఒకటే కదా అనుకునే చూశాడు.

ఇక పౌరుషం చంపుకుని, గొంతు తగ్గించి అడిగాడు. "ఏమండీ, ఆ బోర్డులో రాసిన ఓబులేసు ఎవరో మీకేమైనా తెలుసా?"

గాడిద చెవులు రెండూ నిటారుగా నిలబెట్టాడు.

"నేనే," అన్నాడు. "యాడికి పోవల్ల సామీ?"

ఊరు చూపించాలని బయల్దేరేవాడు, ముందు ఆ ఊళ్ళోవాళ్ళ మొహాలు గుర్తుపట్టడం నేర్చుకోవాలి.